క్రెడిట్ కార్డు అయితే సరే, డెబిట్ కార్డు అయితే కుదరదు: వర్తకుడికి ఆ హక్కు ఉండాలా?

పాతచిట్టా:
అద్దెకు కారు తీసుకోవడానికి వెళ్లిన నన్ను, చేతిలో డెబిట్ కార్డు మాత్రమే ఉన్నదన్న కారణంతో కౌంటరు దగ్గరి నుంచి వెనక్కి పంపించారు. వారు అడిగిన డిపాజిట్‌కు మూడు రెట్ల సొమ్ము నా ఖాతాలో ఉంది. ఆ సంగతి ఫోన్‌లో చూపించాను కూడా. నా వెనుక నిలబడిన వ్యక్తి క్రెడిట్ కార్డు ఇచ్చి రెండు నిమిషాల్లో తాళాలు పుచ్చుకుని వెళ్లిపోయాడు. ఆయన చూపించింది అప్పు, నేను చూపించింది సొంత డబ్బు. అప్పు చెల్లి, సొంత డబ్బు చెల్లని ఈ పద్ధతిని ఎవరైనా సమర్థించగలరేమో వినాలని ఉంది. నా మట్టుకు నాకు, ఒక రకం కార్డును తీసుకునే వర్తకుడికి రెండో రకాన్ని కాదనే హక్కు ఉండకూడదు.

నిలువుగీత:
ఇందులో తర్కం ఎక్కడా కనిపించదు, ఎందుకంటే వర్తకుడికి డెబిట్ కార్డే చవక. వ్యక్తిగత కార్డుల మీద వర్తకుడికి రావలసిన సొమ్ములోంచి కార్డు జారీ చేసిన బ్యాంకుకు చేరే రుసుము డెబిట్‌కు 0.2 శాతం, క్రెడిట్‌కు 0.3 శాతం మించరాదని ఐరోపా సమాఖ్య 2015లో నియమం చేసింది. అమెరికాలో 2011 అక్టోబరు నుంచి పెద్ద బ్యాంకుల డెబిట్ కార్డుల మీద ఆ రుసుముకు పరిమితి వచ్చింది: లావాదేవీకి 21 సెంట్లు, విలువలో 0.05 శాతం, మోసాల నివారణ కోసం మరొక సెంటు. అక్కడ క్రెడిట్‌కు అటువంటి పరిమితే లేదు. భారతదేశంలో 2020 జనవరి నుంచి రూపే డెబిట్ కార్డు మీద వర్తకుడు కట్టవలసిన రుసుము సున్నా. తక్కువ ఖర్చయ్యేదాన్ని కాదని ఎక్కువ ఖర్చయ్యేదాన్ని కోరుకునే వర్తకుడిని ఏమనాలో నాకు తెలియడం లేదు.

వేగుచుక్క:
హోటళ్లలో గది తీసుకునేటప్పుడు కూడా కొన్నిచోట్ల ఇదే తంతు.

తాళంచెవి:
నేను వాహనాలు అద్దెకు ఇచ్చే చిన్న వ్యాపారిని, కనుక కౌంటరుకు ఇవతలి పక్క నుంచి మాట్లాడుతున్నాను. నిలువుగీత గారు చెప్పిన రుసుములతో నాకు పేచీ లేదు, కానీ నేను డెబిట్ కార్డును కాదనడానికీ ఆ రుసుముకూ సంబంధం లేదు. వాహనం తిరిగి వచ్చాక లెక్క తేల్చేటప్పుడు డెబిట్ కార్డు ఇస్తే సంతోషంగా తీసుకుంటాను. చిక్కంతా తాళాలు ఇచ్చే రోజునే. ఆ రోజు నేను డబ్బు తీసుకోను. కొంత మొత్తాన్ని ఆపి ఉంచమని బ్యాంకును అడుగుతాను. క్రెడిట్ కార్డు అయితే పరిమితిలో అంత తగ్గుతుంది, అంతే. డెబిట్ కార్డు అయితే మనిషి సొంత డబ్బే ఖాతాలో బందీ అవుతుంది. నేను విడుదల చేశానని చెప్పిన తరువాత కూడా అది చేతికి రావడానికి రోజులు పట్టవచ్చు, ఆ రోజులన్నీ ఫోన్లు నాకే వస్తాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది, వేగం మీరినందుకు పడిన జరిమానా కాగితం నాకు చేరేసరికి వారాలు గడుస్తాయి, అప్పటికి ఆ ఖాతాలో ఏమీ మిగలకపోవచ్చు.

పాతచిట్టా:
క్రెడిట్ కార్డు పరిమితి మాత్రం అప్పటికి నిండిపోయి ఉండదా? ఆ కార్డును మనిషి రద్దు చేసుకోలేడా? మీరు చెప్పిన ప్రమాదం రెండింటికీ ఉన్నప్పుడు ఒకదాన్నే శిక్షించడం ఏమి న్యాయం?

నిలువుగీత:
తాళంచెవి గారు రుసుముతో సంబంధం లేదంటున్నారు గానీ, చరిత్ర మరోలా చెబుతోంది. వీసా, మాస్టర్‌కార్డ్ సంస్థలు తమ క్రెడిట్ కార్డును తీసుకునే ప్రతి దుకాణమూ తమ డెబిట్ కార్డును కూడా తీసుకుని తీరాలని షరతు పెట్టేవి. సంతకంతో నడిచే డెబిట్ కార్డు మీద అప్పట్లో రుసుము భారంగా ఉండేది కాబట్టి వాల్‌మార్ట్ మొదలైన వర్తకులు దావాకు దిగారు. 2003లో రాజీ కుదిరి, 2004 జనవరి నుంచి అమెరికా వర్తకులకు ఒకదాన్ని తీసుకుని రెండోదాన్ని వదిలేసే స్వేచ్ఛ దక్కింది. అంటే ఆ స్వేచ్ఛ పుట్టిందే రుసుము కోసం. ఇప్పుడు డెబిట్ రుసుము తగ్గిపోయింది, స్వేచ్ఛ మాత్రం మిగిలింది. కారణం పోయాక హక్కు ఎందుకు మిగలాలి?

తాళంచెవి:
రుసుము కాదని ఒకసారి చెప్పాను.

అచ్చుతప్పు:
పాతచిట్టా గారూ, మీ మేలు కోరి చెబుతున్నాను, అలాంటి చోట డెబిట్ కార్డు ఇవ్వకపోవడమే మీకు మంచిది. అమెరికా చట్టం ప్రకారం క్రెడిట్ కార్డును ఎవరైనా దొంగతనంగా వాడితే యజమాని బాధ్యత 50 డాలర్లు దాటదు. డెబిట్ కార్డు పోయిన సంగతి తెలిసిన రెండు పని దినాల్లో చెబితే 50 డాలర్లు, ఆలస్యమైతే 500 డాలర్ల దాకా పోతుంది. ఖాతా వివరాల పత్రం పంపిన 60 రోజుల తరువాత కూడా చెప్పకపోతే ఆపైన జరిగే నష్టానికి హద్దే ఉండకపోవచ్చు. ఒక క్రెడిట్ కార్డు తీసుకుని, వాడినది నెలనెలా పూర్తిగా కట్టేస్తే ఈ చర్చే ఉండదు.

పాతచిట్టా:
నా జేబులో ఏ కార్డు ఉండాలో చెప్పమని ఇక్కడ ఎవరినీ అడగలేదు. పదకొండేళ్ల క్రితం క్రెడిట్ కార్డు బాకీ మీద వడ్డీ, ఆ వడ్డీ మీద మళ్లీ వడ్డీ కట్టి, చివరి వాయిదా తీరిన రోజున ఆ కార్డును కత్తెరతో ముక్కలు చేసినవాడిని నేను. నెలనెలా పూర్తిగా కట్టేయవచ్చునని అప్పుడూ చాలామందే చెప్పారు. అప్పు లేనివాడే అధిక సంపన్నుడని పెద్దలు అన్నారు. ఇప్పుడేమో అప్పు చేసే అర్హత ఉన్నట్టు రుజువు చూపలేనివాడు కారు నడపడానికి కూడా పనికిరాడని అంటున్నారు.

వేగుచుక్క:
మెల్లగా, పాతచిట్టా గారూ.

నిలువుగీత:
మరొక విషయం. బ్రిటన్‌లో 1974 నాటి వినియోగదారు రుణ చట్టం 75వ సెక్షన్ ప్రకారం, 100 పౌండ్లు దాటి 30,000 పౌండ్ల వరకు ధర ఉన్న కొనుగోలులో వర్తకుడు మాట తప్పితే క్రెడిట్ కార్డు ఇచ్చిన సంస్థ కూడా బాధ్యత వహించాలి. ఆ సంస్థ తాను కట్టిన సొమ్మును వర్తకుడి దగ్గరే రాబట్టుకోవాలని చూస్తుంది. డెబిట్ కార్డుకు ఈ సెక్షన్ వర్తించదు. అంటే ఖర్చులోనే కాదు, వివాదాల్లో కూడా వర్తకుడికి డెబిట్ కార్డే క్షేమం. తాళంచెవి గారు దీనికి జవాబు చెప్పాలి.

తాళంచెవి:
మీ జవాబు మీకు చెబుతాను, పాతచిట్టా గారి జవాబు ఆయనకు చెబుతాను. నేను డెబిట్ కార్డు తీసుకున్న రోజులు ఉన్నాయి. మర్యాదగా మాట్లాడే ఒకాయన పది రోజులకు బండి తీసుకుని, తిరిగి ఇచ్చిన మరునాడే ఆ ఖాతాను ఖాళీ చేశాడు. ఆ తరువాత నాలుగు జరిమానాలు, కింది భాగంలో అప్పుడు ఎవరికీ కనిపించని ఒక దెబ్బ బయటపడ్డాయి. అన్నీ నా నెత్తిన పడ్డాయి. రద్దు చేసుకున్న క్రెడిట్ కార్డు నుంచి కూడా డబ్బు రాకపోవచ్చు, పాతచిట్టా గారి మాట నిజమే. కానీ ఆ మనిషికి ఆ కార్డు ఇచ్చే ముందు ఎవరో అతని ఆదాయం చూశారు, పాత బాకీలు తీర్చాడా లేదా అని చూశారు. డెబిట్ కార్డు ఇచ్చేవారు ఖాతా తెరిచాడా అని మాత్రమే చూస్తారు. నా కళ్లకు క్రెడిట్ కార్డు డబ్బు కట్టే సాధనం కాదు, ఈ మనిషిని ఇంతవరకు నమ్మవచ్చునని మరొకరు రాసి ఇచ్చిన కాగితం. ముక్కూమొహం తెలియని మనిషికి బండి అప్పగించేటప్పుడు నాకు కావలసింది ఆ కాగితమే.

పాతచిట్టా:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు. డిపాజిట్ అన్నారు, జరిమానాలు అన్నారు. అసలు సంగతి ఏమిటంటే నన్ను నమ్మవచ్చునని బ్యాంకు చెప్పాలి, నేను చెబితే చెల్లదు. పదకొండేళ్లుగా ఎవరికీ రూపాయి బాకీ లేకుండా బతికినందుకు నా గురించి చెప్పడానికి ఏ బ్యాంకు దగ్గరా కాగితం లేదు. నా నడవడికే నాకు అడ్డమైంది. రెట్టింపు డిపాజిట్ కడతానంటే ఇస్తారా?

తాళంచెవి:
రెట్టింపు డిపాజిట్ కట్టినా నెల దాటితే వదిలేయాలి, జరిమానా రెండో నెలలో రావచ్చు. అయినా, నివాసపు రుజువు, తిరుగు ప్రయాణపు టికెట్టు చూపించేవారికి నేను డెబిట్ మీద ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి. అందరికీ ఇవ్వాలని చట్టం చేస్తే మాత్రం అద్దె పెంచుతాను, ఆ భారం మీరే మోస్తారు.

నిలువుగీత:
75వ సెక్షన్ సంగతి ఇంకా తేలలేదు.

పాతచిట్టా:
సరే, చట్టం మాట పక్కన పెడతాను. డెబిట్ కార్డు తీసుకోబోమన్న సంగతి, కారు కోసం ముందుగా డబ్బు కట్టించుకునే పేజీలో పెద్ద అక్షరాలతో ఉండాలి కదా. నాకు ఆ ముక్క కౌంటరు దగ్గర తెలిసింది.

తాళంచెవి:
మా దగ్గర రాసే ఉంది. షరతుల్లో ఆరో పేరాలో ఉంది.

పాతచిట్టా:
ఆరో పేరాలోనా?

తాళంచెవి:
మొదటి పేరాలోకి మారుస్తాను. దానికి నాకు అభ్యంతరం లేదు.