ఆటోమేషన్, వెబ్ స్ట్రీమ్, ఆర్కైవ్: కమ్యూనిటీ రేడియోకి ఓపెన్ సోర్స్‌లో ఏది ఎలా పెట్టుకోవాలి?

కొత్త_స్టేషన్:
చిన్న ఎఫ్ఎం కమ్యూనిటీ స్టేషన్. ఒక మిక్సర్, రెండు మైకులు, 8 జీబీ ర్యామ్ ఉన్న లినక్స్ కంప్యూటర్, ట్రాన్స్‌మిటర్ ఉన్నాయి. ప్రస్తుతం మీడియా ప్లేయర్‌లో ఫైళ్లు పేర్చి చేత్తోనే నడుస్తోంది. ఇకమీదట షెడ్యూలు దానంతటదే నడవాలి, మనిషి లేనప్పుడు ప్రసారం మూగబోకూడదు, వెబ్‌లో కూడా వినిపించాలి, ప్రసారమైందంతా 90 రోజులు దాచాలి. అజూరాకాస్ట్‌ను (వెబ్ రేడియో నడిపే సాఫ్ట్‌వేర్) అద్దె సర్వర్‌లో పెట్టి, ఆ స్ట్రీమ్‌నే స్టూడియోలో బ్రౌజర్‌లో తెరిచి మిక్సర్‌కి ఇస్తే పనవుతుందా? ఇంకొకటి: పాటలు గట్టిగా, ఇంటర్వ్యూలు సన్నగా వస్తున్నాయి. దీనికి మందేమిటి?

తీగలమనిషి:
బ్రౌజర్ ఆలోచన వదిలేయండి. నెట్ పోయిన క్షణంలో ఎఫ్ఎం కూడా పోతుంది. పైగా వెబ్ కోసం ఒకసారి కుదించిన ఎంపీ3 ట్రాన్స్‌మిటర్‌కి వెళ్తే ప్రీ-ఎంఫసిస్ (ప్రసారానికి ముందు ట్రాన్స్‌మిటర్ ధ్వనికి చేసే మార్పు; కొన్ని దేశాల్లో 50 మైక్రోసెకన్లు, కొన్నింట్లో 75) హెచ్చు పౌనఃపున్యాలను ఇంకా పెంచుతుంది, ‘స’, ‘ష’ అక్షరాలు చెవిలో గుచ్చుకుంటాయి. కంప్యూటర్ నుంచి మిక్సర్‌కి, అక్కడి నుంచి లిమిటర్ (మితిమీరిన ధ్వనిని ఆపే పెట్టె) మీదుగా ట్రాన్స్‌మిటర్‌కి తీగలోనే వెళ్లాలి. వెబ్‌కి మిక్సర్ నుంచి ఒక కొమ్మ తీస్తే చాలు.

అజూరాకాస్ట్ మంచిదే, కానీ వెబ్ రేడియో కోసం పుట్టింది. డాకర్ కంటైనర్లలో, అంటే మిగతా కంప్యూటర్ నుంచి వేరుచేసిన డబ్బాల్లాంటి వాటిలో, నడుస్తుంది కాబట్టి సౌండ్ కార్డులోకి నేరుగా పలకడం దానికి సహజమైన పని కాదు. స్టూడియో కంప్యూటర్‌కి లిబ్రేటైమ్ అనే షెడ్యూలు సాఫ్ట్‌వేర్ చూడండి. క్యాలెండర్‌లో కార్యక్రమాలు పెట్టి, ఒక్కొక్కరికి వేరే లాగిన్ ఇవ్వొచ్చు. రివెండెల్ ఇంకా బలమైనది, కానీ నేర్చుకోవడానికి ఓపిక కావాలి. లిబ్రేటైమ్ లోపల ధ్వనిని నడిపేది లిక్విడ్‌సోప్. టెక్స్ట్ ఫైలు దిద్దడం అలవాటున్నవాళ్లు ఒక్క లిక్విడ్‌సోప్‌తోనే స్టేషన్ నడపొచ్చు.

లిక్విడ్‌సోప్‌లో మూడు మెట్లు పెట్టండి: మొదట లైవ్, అది లేకపోతే షెడ్యూలు, అదీ లేకపోతే అదే డిస్కులో ఉన్న గంట నిడివి అత్యవసర ఫైలు. ఈ ఫాల్‌బ్యాక్‌లో (మెట్లు దిగే ఏర్పాటులో) ‘ట్రాక్ సెన్సిటివ్’ ఫాల్స్ అని ఉండాలి. ట్రూగా వదిలేస్తే లైవ్ వచ్చినా నడుస్తున్న పాట అయ్యేదాకా ఆగుతుంది.

లైవ్ మెట్టుకి నిశ్శబ్దాన్ని పట్టే ‘బ్లాంక్ స్ట్రిప్’ తగిలించండి. డిఫాల్ట్‌గా మైనస్ 40 డెసిబెల్స్ కంటే తక్కువ ధ్వని 20 సెకన్లు సాగితే ఆ మూలాన్ని పక్కకి తీసి కింది మెట్టుకి దిగుతుంది. ‘మిన్ నాయిస్’ (లైవ్ తిరిగి రావడానికి ధ్వని ఎంతసేపు ఉండాలో చెప్పేది) డిఫాల్ట్ సున్నా. అంటే ఎవరో కేబుల్ తగిలి ‘టప్’ మన్నా లైవ్ తిరిగొచ్చేస్తుంది. 2 సెకన్లు పెట్టండి.

ఎర్తింగ్_ముందు:
పైదానికి ఒక షరతు. చాలాచోట్ల బ్లాంక్ స్ట్రిప్ పెట్టినా పనిచేయదు, సాఫ్ట్‌వేర్‌ని తిడతారు. కారణం హమ్, అంటే తీగల్లోకి చొరబడే కరెంటు చప్పుడు.

ఇలా చూడండి. ఫేడర్లన్నీ (మిక్సర్ మీద ధ్వని పెంచి తగ్గించే మీటలు) దించి ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 30 సెకన్లు రికార్డు చేసి మీటర్ చదవండి. మైనస్ 60 దగ్గరుంటే బాగున్నట్టే. మైనస్ 36 చూపిస్తుంటే ఆ ‘గుయ్‌’ మనే చప్పుడే లిక్విడ్‌సోప్ లెక్కలో కార్యక్రమం! నిశ్శబ్దం ఎప్పటికీ రాదు, అత్యవసర ఫైలు ఎప్పటికీ మోగదు.

కంప్యూటర్, మిక్సర్ వేర్వేరు సాకెట్ల నుంచి కరెంటు తీసుకుంటే ఎర్త్‌ల మధ్య గ్రౌండ్ లూప్ ఏర్పడుతుంది. రెండింటినీ ఒకే పవర్ స్ట్రిప్‌కి మార్చండి. తగ్గకపోతే కంప్యూటర్‌కీ మిక్సర్‌కీ మధ్య 1:1 ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. ల్యాప్‌టాప్ అయితే ముందు ఛార్జర్ పీకి వినండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. ప్లగ్ ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టొద్దు. చప్పుడు పోతుంది, దాంతోపాటు ప్రాణానికున్న రక్షణా పోతుంది.

హమ్ తగ్గాక బ్లాంక్ స్ట్రిప్ హద్దును (ఆ మైనస్ 40 అంకెను), ఫేడర్లు దించినప్పుడు మీటర్ చూపే మట్టానికి 10 నుంచి 15 డెసిబెల్స్ పైన పెట్టుకోండి. ఫేడర్ దించకుండా వెళ్లిపోతే గదిలో ఫ్యాన్ చప్పుడు కూడా హద్దు దాటుతుందని గుర్తుంచుకోండి.

ఆర్కైవ్ సంగతి: మిక్సర్ దగ్గర కాకుండా ఒక ఎఫ్ఎం రిసీవర్ నుంచి రికార్డు చేయండి. వినేవాళ్లకి నిజంగా చేరింది అదే. 128 కేబీపీఎస్ ఎంపీ3 గంటకు 57.6 ఎంబీ, రోజుకు సుమారు 1.4 జీబీ, 90 రోజులకు 125 జీబీ లోపు. గంటకో ఫైలుగా కోయండి. కరెంటు పోతే వేవ్ ఫైలు హెడర్ పూర్తికాక చాలా ప్లేయర్లలో సరిగా తెరుచుకోదు, ఎంపీ3 తెగినచోటి దాకా వినిపిస్తుంది.

కొత్త_స్టేషన్:
ఫేడర్లు దించితే మీటర్ మైనస్ 41 చూపించింది. పవర్ స్ట్రిప్ మార్చాక మైనస్ 58. హద్దు మైనస్ 46 పెట్టాం, ఇప్పుడు అత్యవసర ఫైలు మోగుతోంది. ఇక వెబ్ వైపు రెండు చిక్కులు. ఐస్‌కాస్ట్ (వెబ్‌లో స్ట్రీమ్ పంచే సర్వర్) లింకు నేరుగా తెరిస్తే వినిపిస్తోంది, మా సైటులో పెడితే ప్లేయర్ కదలదు. తెలుగులో రాసిన కార్యక్రమాల పేర్లు ప్లేయర్‌లో పిచ్చి గుర్తులుగా వస్తున్నాయి.

పోర్ట్8000:
మొదటిది: మీ సైటు హెచ్‌టీటీపీఎస్, స్ట్రీమ్ మామూలు హెచ్‌టీటీపీ అయ్యుంటుంది. అలాంటి కలగలుపును బ్రౌజర్లు ఒప్పుకోవు. ఐస్‌కాస్ట్ ముందు ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ పెట్టి 443 పోర్టుకి వచ్చిన దాన్ని లోపల 8000కి మళ్లించండి, ‘ప్రాక్సీ బఫరింగ్’ ఆఫ్ చేయండి.

రెండోది: ఎంపీ3 మౌంట్లకి (ఐస్‌కాస్ట్‌లో ఒక్కో స్ట్రీమ్ చిరునామాని మౌంట్ అంటారు) ఐస్‌కాస్ట్ డిఫాల్ట్‌గా ఐఎస్‌ఓ 8859-1 అక్షరమాల అనుకుంటుంది, అందులో తెలుగు లేదు. కాన్ఫిగ్ ఫైలులో ఆ మౌంట్ కింద ‘చార్‌సెట్’ యూటీఎఫ్-8 అని రాసి రీస్టార్ట్ చేయండి.

అదే ఫైలు తెరిచినప్పుడు పాస్‌వర్డులు కూడా చూడండి. డిఫాల్ట్ ‘హ్యాక్‌మీ’, పేరులోనే పిలుపుంది. మార్చకపోతే ఎవరైనా మీ స్టేషన్ పేరుతో ఏదైనా ప్రసారం చేసేస్తారు. అసలు మౌంట్ ఆగితే శ్రోతలు చేరే ఫాల్‌బ్యాక్ మౌంట్ పెడితే ఫార్మాట్, శాంపిల్ రేటు అసలు మౌంట్‌వే ఉండాలి, లేకపోతే మారేటప్పుడు ప్లేయర్లు తెగిపోతాయి.

శ్రోతలను స్టూడియో నెట్ లైన్ మీదికి తీసుకురావద్దు. 40 మంది 96 కేబీపీఎస్‌తో వింటే 3.84 ఎంబీపీఎస్ అప్‌లోడ్ కావాలి. స్టూడియో నుంచి ఒక్క స్ట్రీమ్‌ను బట్ అనే చిన్న ప్రోగ్రాంతో అద్దె సర్వర్‌కి పంపండి, పంపకం అక్కడ జరుగుతుంది. మాటలు ఎక్కువుండే స్టేషన్‌కి 48 కేబీపీఎస్ ఓపస్ (ఎంపీ3 లాంటి ఇంకో ధ్వని ఫార్మాట్) చాలా శుభ్రంగా ఉంటుంది, కానీ పాత ఐఫోన్లలో ఆగ్ ఓపస్ పలకదు. పక్కన ఒక ఎంపీ3 మౌంట్ తప్పదు.

మీటర్_చూడండి:
గట్టి, సన్నం సంగతి ఎవరూ అందుకోలేదు. పాటలూ ఇంటర్వ్యూలూ అన్నీ మైనస్ 16 లఫ్స్‌కి (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే ప్రమాణం) తెచ్చి తర్వాతే లైబ్రరీలో వేయండి. ఆడాసిటీలో ‘లౌడ్‌నెస్ నార్మలైజేషన్’ ఉంది. అందులో మోనోను డ్యూయల్ మోనోగా (రెండు స్పీకర్లలోనూ మోగేదిగా) లెక్కించే గడికి టిక్ ఉందో లేదో చూడండి. అది లేకుండా చేసిన మోనో ఇంటర్వ్యూ స్టీరియో పాట కంటే 3 డెసిబెల్స్ గట్టిగా వస్తుంది, అంటే మీ గోల తిరగబడుతుంది.

వందల ఫైళ్లుంటే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే కమాండ్ ప్రోగ్రాంలో ‘లౌడ్‌నార్మ్’ ఫిల్టర్ వాడండి, రెండు పాస్‌లతో. మొదటి పాస్ కొలుస్తుంది, ఆ అంకెలు రెండో పాస్‌కి ఇవ్వాలి. ఒక్క పాస్‌తో సరిపెడితే మాటల మధ్య విరామాల్లో వెనకటి చప్పుడు ఉబ్బి మళ్లీ తగ్గుతూ ఉంటుంది. అవుట్‌పుట్ శాంపిల్ రేటు 44100 అని మీరే రాయండి, లేకపోతే ఆ ఫిల్టర్ 192 కిలోహెర్ట్జ్‌కి పెంచిన ఫైళ్లు చేతికి రావొచ్చు, డిస్కు ఎందుకు నిండిందో అర్థం కాదు. అసలు రికార్డింగులు మాత్రం ఫ్లాక్‌లో (నాణ్యత పోకుండా కుదించే ఫార్మాట్) వేరే ఫోల్డర్‌లో ఉంచండి.