కిడ్నీ వెయిటింగ్ లిస్టులో పాత కాలం కలపడం న్యాయమేనా?

కృష్ణప్రసాద్:
అమెరికాలో కిడ్నీ మార్పిడి కోసం ఎదురుచూస్తున్న నల్లజాతి పేషెంట్లకి, గతంలో పోగొట్టుకున్న వెయిటింగ్ టైమ్‌ని తిరిగి కలపాలని 2023 జనవరిలో రూల్ వచ్చింది. 2024 మార్చి నాటికి 14 వేల మందికి పైగా ఇలా కలిపారు, సగటున రెండేళ్లు. లిస్టులో ఉన్నవాళ్లు మొత్తం 90 వేల దాకా. ఒకరిని ముందుకి జరిపితే ఇంకొకరు వెనక్కి పోయినట్టే, కొత్తగా కిడ్నీలేమీ పుట్టుకురావు కదా. ఆ వెనక్కి పోయినవాళ్లలో మెక్సికో నుంచి వచ్చిన కూలీ ఉండొచ్చు, మనవాళ్లూ ఉండొచ్చు. వాళ్లు చేసిన తప్పేంటి? ఇంకో మాట, కోపం వచ్చినా సరే. అవయవదానానికి ముందుకు రాని సమాజాలు, తీసుకునేటప్పుడు మాత్రం వాటా తగ్గిందని అడగడం ఎంతవరకు సబబు?

రేణుక:
నేను డయాలసిస్ నర్సుని, కాబట్టి మొదటి ప్రశ్నకే జవాబు చెప్తాను. కిడ్నీ ఎంత పనిచేస్తుందో నేరుగా కొలవడం కష్టం. అందుకని రక్తంలో క్రియాటినిన్ (కండరాల నుంచి వచ్చే వ్యర్థం) చూసి, వయసు, ఆడా మగా అన్నది కలిపి ఈజీఎఫ్ఆర్ అని ఒక అంకె లెక్కకడతారు. అది 20కి దిగితేనో, డయాలసిస్ మొదలైతేనో వెయిటింగ్ టైమ్ లెక్క మొదలవుతుంది. ఈ ఫార్ములాలో పేషెంటు నల్లజాతివారైతే అదనంగా ఇంకో గుణకం ఉండేది. 2009 ఫార్ములాలో అది 1.159. ఒకే వయసు, ఒకే క్రియాటినిన్ ఉన్న ఇద్దరు మగవాళ్లని తీసుకోండి. తెల్లాయనకి 18 వస్తే లిస్టులో పేరు ఎక్కుతుంది. నల్లాయనకి అదే 18ని 1.159తో గుణిస్తే దాదాపు 21. ఇంకా టైమ్ ఉంది, వెళ్లి రండి అంటారు. ఇప్పుడు కలుపుతున్నది ఆ పోయిన కాలాన్నే. కృష్ణప్రసాద్ గారూ, దాన్ని మీరు ముందుకి జరపడం అంటున్నారు, నేను బాకీ తీర్చడం అంటాను.

శ్రీహర్ష:
రేణుక గారూ, మీరు చెప్పింది నిజమే, కానీ సగమే. ఆ గుణకాన్ని ఎవరో పగబట్టి పెట్టలేదు. అప్పటి అధ్యయనాల్లో ఒకే క్రియాటినిన్ దగ్గర నల్లజాతివాళ్లకి కిడ్నీ పనితీరు కాస్త ఎక్కువగా కనిపించింది, ఆ డేటా ఇప్పటికీ ఉంది. ఎక్కువ కండ ఉండటమే కారణమని అప్పట్లో చెప్పారు, ఆ వివరణ బలహీనమైనదే అనుకోండి. కానీ గుణకం తీసేస్తే ఇంకోవైపు నష్టం ఉంటుంది. బతికుండగా కిడ్నీ ఇస్తానని వచ్చిన నల్లజాతి బంధువుకి అంకె తగ్గి, నీ కిడ్నీ సరిపోదని వెనక్కి పంపేయొచ్చు. మందుల డోసులూ మారతాయి. జాతి తీసేయాలని 2021లో సిఫార్సు చేసిన కమిటీ కూడా అందుకే సిస్టాటిన్ సి అని, కండ మీద పెద్దగా ఆధారపడని ఇంకో రక్తపరీక్షని ఎక్కువగా వాడమని చెప్పింది. ఆ పరీక్షని అన్నిచోట్లా అందుబాటులోకి తెచ్చి ఉంటే ఈ గొడవ సగం తగ్గేది.

రేణుక:
సిస్టాటిన్ సి విషయంలో మీతో పేచీ లేదండి. కానీ ఆ గుణకం వాడటానికి జాతి ఎవరు రాసేవారు? రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో గుమాస్తా. తల్లి తెల్లావిడ, తండ్రి నల్లాయన అయిన మనిషికి ఏ బటన్ నొక్కుతారు? దాని మీద ఒక ఏడాది జీవితం ఆధారపడి ఉండేది.

వాసు_లీసెస్టర్:
కృష్ణప్రసాద్ గారి రెండో ప్రశ్న దగ్గర ఆగుతాను, ఎందుకంటే ఇంగ్లండ్‌లో ఆ వేలు మనవైపే చూపిస్తారు. ఇక్కడ దక్షిణాసియా వాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరు బి గ్రూపు, తెల్లవాళ్లలో పదిమందిలో ఒకరు. డోనర్లలో ఎక్కువమంది తెల్లవాళ్లే కాబట్టి బి గ్రూపు కిడ్నీలు తక్కువ, వాటికోసం చూసేవాళ్లు ఎక్కువ. 2020 మే 20 నుంచి ఇక్కడి చట్టం ప్రకారం, వద్దని నమోదు చేసుకోని పెద్దవాళ్లందరూ దానానికి ఒప్పుకున్నట్టే లెక్క. కానీ చివర్లో కుటుంబాన్ని అడుగుతారు, అక్కడ మనవాళ్లు ఎక్కువగా వద్దంటారు. ఐసీయూ బయట నిలబడిన కొడుక్కి నాన్న మనసులో ఏముందో తెలియదు. పెదనాన్న వద్దంటే అంతే సంగతులు. దీనికి చట్టాన్ని తిట్టి లాభం లేదు.

కృష్ణప్రసాద్:
నేను అన్నదీ అదే కదండీ.

భాను:
కాదు, అదే కాదు. ఇంగ్లండ్ లెక్క తీసుకెళ్లి అమెరికాకి అంటించకండి. అమెరికా జనాభాలో నల్లజాతివాళ్లు 13 శాతం దాకా ఉంటారు, చనిపోయాక అవయవాలిచ్చిన వాళ్లలో కూడా వాళ్ల వాటా దాదాపు అంతే. మరి డయాలసిస్ పేషెంట్లలో? మూడోవంతు దాకా. అంటే ఇవ్వడంలో వెనకబడలేదు, జబ్బే వాళ్లకి ఎక్కువ. షుగరు, బీపీ ఒక కారణం. పశ్చిమాఫ్రికా మూలాలున్నవాళ్లలో కనిపించే ఏపీఓఎల్1 జన్యువు రకాలు ఇంకొకటి. ఇంట్లో ఒకరికి కిడ్నీ పాడైతే, ఇద్దామని వచ్చే తమ్ముడికీ చాలాసార్లు షుగరో బీపీయో ఉంటుంది. అతన్ని పక్కన పెట్టేస్తారు.

అసలు నాకు మండేది డోనర్ వైపు లెక్క. ఇచ్చిన కిడ్నీ ఎంతకాలం పనిచేస్తుందో చెప్పే స్కోరులో, డోనర్ నల్లజాతివారైతే చాలు, నాణ్యత తక్కువని పడేది. రిస్కు ఉన్న ఏపీఓఎల్1 కాపీలు రెండూ ఉన్నవాళ్లు ఆఫ్రికన్ అమెరికన్లలో 13 శాతం దాకానే, కానీ మిగతా అందరి కిడ్నీల మీదా అదే ముద్ర. 2024లో గానీ ఆ స్కోరులోంచి జాతిని తీయలేదు. ముందుకొచ్చి ఇచ్చినవాళ్ల కిడ్నీకి తక్కువ మార్కులు వేసి, మళ్లీ మీరు ఇవ్వట్లేదని వాళ్లనే అంటే ఎలాగండీ?

శ్రీహర్ష:
భాను గారూ, ఆ స్కోరు కూడా ఫలితాల డేటాలోంచే వచ్చింది. నాణ్యత సంగతి అలా ఉంచండి, రక్తం గ్రూపు, కణజాల మ్యాచింగ్ మాత్రం జీవశాస్త్రమే. వాటిని ఏ కమిటీ మార్చలేదు.

భాను:
మ్యాచింగ్ జీవశాస్త్రం, దానికి ఎన్ని పాయింట్లు వేయాలన్నది మనుషుల నిర్ణయం. 2003లో అమెరికాలో హెచ్ఎల్ఏ-బి అనే ఒక కణజాల గుర్తు మ్యాచింగ్‌కి పాయింట్లు ఇవ్వడం ఆపేశారు. మైనారిటీలకి మార్పిడులు పెరిగాయి. 2014 డిసెంబరులో వచ్చిన కొత్త విధానంలో, పేరు ఎప్పుడు రాయించుకున్నా డయాలసిస్ మొదలైన రోజు నుంచే కాలం లెక్కపెట్టారు. డాక్టరు ఆలస్యంగా పంపించినవాళ్లు దీంతో బాగా లాభపడ్డారు. ఎ గ్రూపులోనే ఒక ఉపరకమైన ఎ2 కిడ్నీని బి గ్రూపు వాళ్లకి ఇవ్వడానికీ అప్పుడే దారి పెట్టారు. బి గ్రూపు వాళ్ల రక్తమేమీ మారలేదు, రూల్ మారింది.

వాసు_లీసెస్టర్:
ఎ2 సంగతి బాగుంది. అయినా ఇంట్లో మాట్లాడుకోవడానికి ఇది సాకు కాకూడదు. మా మావయ్యగారి దగ్గర ఈ మాట ఎత్తితే అత్తయ్యగారూ ఆయనా ఇద్దరూ లేచి వెళ్లిపోతారు, అది వేరే కథ.

కృష్ణప్రసాద్:
గుణకం తప్పే, ఒప్పుకోవడానికి నాకు ఇబ్బందేం లేదు, తీసేశారు కూడా. నా అభ్యంతరం వెనక్కి వెళ్లి లెక్క సరిచేయడం మీదే. నిన్నటిదాకా ఒక నెంబరులో ఉన్న మనిషికి, మీ తప్పేం లేదు గానీ మీ నెంబరు మారింది అని చెప్పాల్సింది ఎవరు?

రేణుక:
ఎవరో ఒకరు చెప్పాలి, అది కష్టమే. కానీ ఆ రెండేళ్లూ ఊరికే రాలేదు. ఈజీఎఫ్ఆర్ 20కి ఎప్పుడు దిగిందో పాత ల్యాబ్ రిపోర్టుతో చూపించాలి. ఊరు మారినవాళ్లకీ, ఇన్సూరెన్స్ లేక ఏళ్ల తరబడి పరీక్షలే చేయించుకోనివాళ్లకీ ఆ కాగితం ఉండదు, కాబట్టి ఏమీ కలవదు. పైగా ఈ రూల్ లిస్టులో ఉన్నవాళ్లకే. వారానికి మూడు రోజులు మా కుర్చీల్లో కూర్చునేవాళ్లలో, మార్పిడి అనేది ఒకటుందని ఎవరూ కూర్చోబెట్టి చెప్పనివాళ్లు ఉన్నారు. ఇంకోవైపు, ప్రయాణ ఖర్చులు భరించగలిగినవాళ్లు రెండు మూడు కేంద్రాల్లో పేరు రాయించుకుంటారు, దానికి రూల్ ఒప్పుకుంటుంది కూడా. నెంబరు మారడం గురించి ఇంత చర్చ జరిగింది కదా, ఈ రెండు కేంద్రాల వాళ్ల మీద ఒక్కరూ చర్చ మొదలుపెట్టరెందుకని నా అనుమానం.

శ్రీహర్ష:
మొదలుపెట్టండి, వస్తాను. రెండు చోట్ల రాయించుకోవడాన్ని నేను సమర్థిస్తాను, ముందే చెప్తున్నా.