మా అమ్మమ్మ ముత్తాత ఐర్లాండ్ నుంచి సికింద్రాబాద్ వచ్చిన సోల్జర్. ఆయన సొంత ఊరు ఎలా వెతకాలి?

లాలాగూడ మనవరాలు

నమస్తే అండీ. మేం ఉండేది మెట్టుగూడలో. మా అమ్మమ్మ ఆంగ్లో ఇండియన్, పేరు నోరా, లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగింది. తాతయ్యని పెళ్లి చేసుకున్నాక పూర్తిగా తెలుగింటి మనిషైపోయింది, గోంగూర పచ్చడి ఆమె నూరినట్టు మా ఇంట్లో ఇంకెవరూ నూరలేరు. పోయిన ఫిబ్రవరిలో చనిపోయింది. ఆమె ట్రంకు పెట్టె సర్దుతుంటే అడుగున పాత ప్రేయర్ బుక్ ఒకటి దొరికింది, లోపలి అట్ట మీద ఇంకుతో జేమ్స్ రయన్, టిప్పరరీ, 1861 అని రాసి ఉంది. టిప్పరరీ అంటే ఐర్లాండ్‌లో ఒక కౌంటీ, మన జిల్లా లాంటిది. అంతే, ఊరు పేరు లేదు. నేను చిన్నప్పుడు ఒకసారి ఆ పుస్తకం చూపించి "మేం ఎవరి పిల్లలమో ఇందులో ఉంది" అంది, అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ మాట నన్ను వదలడం లేదు.

నాకు తెలిసింది ఇది. అమ్మమ్మ వాళ్ల తాత ఇంజిన్ డ్రైవర్, 1872లో సికింద్రాబాద్‌లో పుట్టాడు. ఆయన తండ్రే ఈ జేమ్స్, తెల్ల సోల్జర్. ఐర్లాండ్ 1901, 1911 జనాభా లెక్కలు ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఉన్నాయని తెలిసి రెండు నెలలు రాత్రుళ్లు కూర్చుని వెతికాను. టిప్పరరీలో రయన్ అని కొడితే పేజీలకు పేజీలు వస్తూనే ఉన్నాయి, జేమ్స్‌లే లెక్కలేనంత మంది. ఆఫీసులో ఒకాయన, ఐర్లాండ్ రికార్డులన్నీ 1922లో కాలిపోయాయి, టైమ్ వేస్ట్ చేసుకోకు అన్నారు. నిజమేనా? ల్యాండ్ రికార్డులు కూడా ఉన్నాయంటున్నారు కానీ మన భూమి కాగితాలే నాకు సరిగ్గా అర్థం కావు, అక్కడివి ఎలా చూడాలి?

తిరుమలగిరి రిటైర్డ్

అమ్మా, మీ ఆఫీసాయన చెప్పింది సగం నిజం. 1922 జూన్ 30న అంతర్యుద్ధంలో డబ్లిన్ ఫోర్ కోర్ట్స్‌లో ఉన్న పబ్లిక్ రికార్డ్ ఆఫీసు పేలి కాలిపోయింది. 1821 నుంచి 1851 వరకు తీసిన నాలుగు జనాభా లెక్కల్లో చాలా భాగం అప్పుడే పోయింది, అక్కడక్కడ ముక్కలు మిగిలాయి. 1861, 1871వి అంతకుముందే ప్రభుత్వమే ధ్వంసం చేయించింది, 1881, 1891వి మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో గుజ్జు చేసేశారు. ప్రొటెస్టెంట్ల చర్చ్ ఆఫ్ ఐర్లాండ్ రిజిస్టర్లు కూడా సగానికి పైగా ఆ మంటల్లోనే పోయాయి. కానీ కాథలిక్ రిజిస్టర్లు ఏ పారిష్‌వి, అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతానివి, ఆ పారిష్‌లోనే ఉండేవి, అందుకే బతికిపోయాయి. మీ వాళ్లు కాథలిక్‌లే అయితే, రయన్ అంటే చాలావరకు అదే, మీకు దారి మూసుకుపోలేదు.

మీరు రెండు నెలలు వెతికిన చోట ఆయన దొరకడు. 1861 నాటికే ప్రేయర్ బుక్ మీద పేరు రాసుకున్న మనిషి, 1872లో ఇక్కడ కొడుకుని కన్న మనిషి, 1901లో టిప్పరరీ లెక్కల్లో ఎందుకుంటాడు? పైగా ఐర్లాండ్‌లో పుట్టినవాళ్లకి ఆ ఫారాల్లో పుట్టిన చోటు అని జిల్లా పేరే రాశారు, ఊరు రాయలేదు. అక్కడ జననాల ప్రభుత్వ రిజిస్ట్రేషన్ కూడా 1864 జనవరిలో గానీ మొదలవలేదు కాబట్టి ఈయనకి బర్త్ సర్టిఫికెట్ అనేదే ఉండదు.

కాబట్టి ముందు మన సికింద్రాబాద్ కాగితాలు పూర్తి చేయండి. 1872 జ్ఞానస్నానం ఎంట్రీ ఏ చర్చిదో కనుక్కోండి. ఎస్‌డీ రోడ్డులో సెయింట్ మేరీస్ 1850 నాటికే కట్టేశారు, దాన్ని కట్టించిన డేనియల్ మర్ఫీ కూడా ఐర్లాండ్‌లో కార్క్ నుంచి వచ్చిన గురువే, తర్వాత ఇక్కడ బిషప్ అయ్యారు. ఐరిష్ సోల్జర్ల పెళ్లిళ్లు, పిల్లల జ్ఞానస్నానాలు అలాంటి చర్చిల్లో జరిగేవి. ఈ చర్చిల వివరాల నకళ్లు మద్రాస్ ప్రెసిడెన్సీ నుంచి లండన్‌కి వెళ్లేవి, అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డ్స్ కింద ఉన్నాయి. కాథలిక్‌లవి అన్నీ వెళ్లలేదు, అందుకని విచారణ గురువుగారిని, అంటే ఆ చర్చి ఫాదర్‌ని, కలిసి అసలు రిజిస్టర్ చూపించమని అడగాల్సిందే. ఓపిగ్గా, ఉత్తరం రాసి తీసుకెళ్లి అడగండి. ఫిబిస్ అని బ్రిటిష్ ఇండియా కుటుంబాల సొసైటీ ఒకటి ఉంది, వాళ్ల డేటాబేస్ ఫ్రీ, అది ఈ రాత్రే చూడొచ్చు.

పెళ్లి ఎంట్రీ దొరికితే అసలైనవి రెండు తెలుస్తాయి, వరుడి తండ్రి పేరు, రెజిమెంట్. రెజిమెంట్ తెలిసిందా, లండన్‌లో క్యూ అనే చోటున్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూ.ఓ. 97 అనే వరుస ఉంది, పెన్షన్ మీద బయటికొచ్చిన సోల్జర్ల డిశ్చార్జ్ కాగితాలు. అందులో ఫలానా కౌంటీలో, ఫలానా టౌన్ దగ్గర, ఫలానా పారిష్‌లో పుట్టాడు అని రాసి ఉంటుంది. మీకు కావలసింది ఆ ఒక్క లైనే. సర్వీసులో ఉండగా చనిపోయినవాళ్ల కాగితాలు మాత్రం ఆ వరుసలో ఉండవు, అది గుర్తుపెట్టుకోండి.

పహాణీ శ్రీను

అక్కా, ల్యాండ్ రికార్డుల సంగతి నేను చెప్తా. నేను డాక్యుమెంట్ రైటర్‌ని, మా బావ వాళ్ల అమ్మ వైపు కార్క్ వాళ్లు, ఆయన కోసం నాలుగేళ్ల కింద ఇవన్నీ తిరగేశా. మన పహాణీ చదవడం వచ్చినవాడికి గ్రిఫిత్ వాల్యుయేషన్ చదవడం పెద్ద కష్టం కాదు, నిజంగా.

రిచర్డ్ గ్రిఫిత్ అనే ఆయన ఆధ్వర్యంలో 1847 నుంచి 1864 మధ్య ఐర్లాండ్ మొత్తం భూమికి, ఇళ్లకి పన్ను కోసం విలువ కట్టి అచ్చు వేశారు. మన పహాణీలో పట్టాదారు ఒక కాలమ్, అనుభవదారు ఇంకో కాలమ్ ఉన్నట్టే అందులో సాగులో ఉన్నవాడి పేరు ఒకచోట, వాడికి కౌలుకి ఇచ్చినవాడి పేరు పక్కన ఉంటాయి. మీ వాళ్లు మొదటి కాలమ్‌లోనే ఉంటారు, పక్కన ఉండేది దొర. తర్వాత విస్తీర్ణం ఎకరాలు, రూడ్లు, పెర్చ్‌లలో ఉంటుంది. రూడ్ అంటే మన పది గుంటలు, నాలుగు పెర్చ్‌లు ఒక గుంట, ఎకరం మాత్రం అదే ఎకరం. మొదట్లో ఉండే నంబర్ మ్యాప్ నంబర్, మన సర్వే నంబర్ లాగా దాన్ని పట్టుకుని పాత మ్యాప్‌లో ఆ చెలక ఎక్కడుందో చూడొచ్చు. నేను మా బావకి ఆ గడిని చూపిస్తే ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

అక్కడ అన్నిటికంటే చిన్న యూనిట్ టౌన్‌లాండ్. పేరులో టౌన్ ఉందని టౌన్ అనుకోవద్దు, మన శివారు లాంటిది, కొన్నిట్లో నాలుగైదు ఇళ్లే. దేశం మొత్తం మీద 60,000కి పైనే ఉన్నాయి. ఇంకో చిక్కు కూడా ఉంది, ల్యాండ్ రికార్డుల్లో రాసేది సివిల్ పారిష్, చర్చి రిజిస్టర్ ఉండేది కాథలిక్ పారిష్, రెండిటి హద్దులూ ఒకటి కావు, చాలాసార్లు పేర్లు కూడా వేరు. నేను దీని దగ్గరే నెల రోజులు తప్పుదారిలో పోయా.

జేమ్స్ అప్పటికి చిన్నపిల్లోడు కాబట్టి ఆయన పేరు గ్రిఫిత్‌లో వెతకొద్దు, వాళ్ల నాయన పేరు వెతకాలి. అందుకే పైన పెద్దాయన చెప్పిన పెళ్లి ఎంట్రీ ముందు కావాలి. ఇంకో తరం వెనక్కి పోవాలంటే టైత్ అప్లాట్‌మెంట్ పుస్తకాలు, 1823 నుంచి 1837 దాకా, చర్చి పన్ను కోసం రాసినవి. వాటిలో చాలాచోట్ల ఐరిష్ ఎకరం వాడారు, అది మన ఎకరానికి సుమారు 1.62 రెట్లు, కాబట్టి రెండు పుస్తకాల్లో భూమి తేడాగా కనిపిస్తే వేరే కుటుంబం అనుకుని వదిలేయొద్దు. ఈ రెండిటి మధ్యలోనే కరువు వచ్చింది. 1841లో 82 లక్షల జనం, 1851కి 66 లక్షలు. టైత్ పుస్తకంలో ఉన్న ఇల్లు గ్రిఫిత్‌లో లేదంటే ఏం జరిగి ఉంటుందో ఆలోచిస్తేనే కడుపులో దేవినట్టు ఉంటుంది. భూమి లేని కూలోళ్లు మాత్రం చాలావరకు ఈ పుస్తకాలకి ఎక్కనే లేదు.

రయన్‌ల గురించి ఒక మంచి మాట. టిప్పరరీలో వాళ్లు ఎంత మంది అంటే గ్రిఫిత్ మనుషులకే గుర్తుపట్టడం కష్టమై, పేరు పక్కన బ్రాకెట్లో వాళ్ల నాయన పేరో ఇంటి మారుపేరో రాసుకున్నారు. మన దగ్గర ఒకే ఊళ్లో ముగ్గురు మల్లయ్యలుంటే నల్ల మల్లయ్య, బావికాడి మల్లయ్య అన్నట్టు. ఆ బ్రాకెట్ వదిలేయకండి.

డబ్లిన్‌లో ఉప్పల్ పిల్ల

హాయ్ అక్కా, నేను ఇక్కడ ఆరేళ్లుగా ఉంటున్నాను, మా ఇంటి ఓనర్ ఆంటీ వాళ్ల వంశవృక్షం వేయడంలో సాయం చేస్తూ నేర్చుకున్నాను.

పారిష్ తెలిశాక నేషనల్ లైబ్రరీ ఆఫ్ ఐర్లాండ్ సైట్‌కి వెళ్లండి, దాదాపు 1880 దాకా ఉన్న కాథలిక్ రిజిస్టర్ల ఫొటోలు 2015 నుంచి ఫ్రీగా పెట్టారు. అక్కడ పేరు కొట్టి వెతకడానికి ఉండదు, పేజీ పేజీ చదవాలి. చేతిరాత దారుణంగా ఉంటుంది, తడిసిన పేజీలుంటాయి, చాలాచోట్ల లాటిన్. జాకోబస్ అని ఉంటే జేమ్స్ అన్నమాట, గులియెల్మస్ అంటే విలియం. తండ్రి పేరు, తల్లి పుట్టింటి ఇంటిపేరు, జ్ఞాన తల్లిదండ్రుల (జ్ఞానస్నానం అప్పుడు బిడ్డ తరఫున నిలబడేవాళ్ల) పేర్లు ఉంటాయి, అదృష్టం ఉంటే పక్కన టౌన్‌లాండ్ కూడా. జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు తప్పకుండా రాసుకోండి, ఎక్కువగా మేనమామలు, చిన్నాన్నలు, పక్క ఇంటివాళ్లే అయ్యుంటారు, తర్వాత గ్రిఫిత్‌లో అదే టౌన్‌లాండ్‌లో ఆ పేర్లు కనిపిస్తే సరైన ఇంటికి వచ్చారని నమ్మకం కుదురుతుంది.

ఇంటిపేరు రయన్ అనే ఒక్క స్పెల్లింగ్‌తో ఆగకండి, ఓ రయన్, మల్‌రయన్ కూడా చూడండి. పిల్లలకి పేర్లు పెట్టడంలో ఇక్కడ ఒక ఆనవాయితీ ఉండేది, మొదటి కొడుక్కి నాన్న వాళ్ల నాన్న పేరు, రెండో కొడుక్కి అమ్మ వాళ్ల నాన్న పేరు, మొదటి కూతురికి అమ్మ వాళ్ల అమ్మ పేరు, రెండో కూతురికి నాన్న వాళ్ల అమ్మ పేరు. అందరూ పాటించలేదు కానీ చాలామంది పాటించారు. మీ అమ్మమ్మ పేరు చూసి నాకు ఒళ్లు జలదరించింది. నోరా అనేది ఇక్కడ హనోరా నుంచి వచ్చిన పేరు. చాలా మామూలు పేరు, దాన్ని బట్టే తేల్చేయకండి, కానీ సికింద్రాబాద్‌లో జేమ్స్ కూతుళ్ల జ్ఞానస్నానాలు కూడా వెతకండి.

ఇంకో దారి ఉంది, ఇది చాలామందికి తట్టదు. 1909 జనవరి నుంచి ఇక్కడ 70 ఏళ్లు దాటినవాళ్లకి పెన్షన్ మొదలైంది. వాళ్లకి బర్త్ సర్టిఫికెట్లు లేవు కదా, అందుకని వయసు రుజువు కోసం 1841, 1851 జనాభా లెక్కల్లో తమ పేరు చూడమని అర్జీలు పెట్టుకున్నారు. ఆ లెక్కలు కాలిపోయినా అర్జీ ఫారాలు మిగిలాయి, ఆన్‌లైన్‌లో ఉన్నాయి, వాటి మీద అమ్మానాన్నల పేర్లు, టౌన్‌లాండ్ ఉంటాయి. జేమ్స్ ఇండియా వచ్చేశాడు, కానీ అక్కడే ఉండిపోయిన తమ్ముడో చెల్లెలో ఆ పెన్షన్‌కి అర్జీ పెట్టి ఉండొచ్చు. 1901 లెక్కల్లో మీరు వెతకాల్సింది కూడా వాళ్ల కోసమే. 1901కీ 1911కీ మధ్య కొందరి వయసు పన్నెండు, పదిహేనేళ్లు పెరిగినట్టు కనిపిస్తుంది, ఆ పెన్షన్ వల్లే, కంగారు పడకండి.

పాస్‌పోర్ట్ ఆశతో అడిగారని కాదు, ఎవరైనా ఏజెంట్ డబ్బులు అడిగితే మాత్రం ఇవ్వకండి. తాత, నానమ్మ, అమ్మమ్మల్లో ఒకరు ఐర్లాండ్‌లో పుట్టి ఉంటేనే మామూలుగా ఆ దారి ఉంటుంది, మీది అంతకంటే చాలా వెనకటి తరం.

లాలాగూడ మనవరాలు

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి సారీ. ముందు వెళ్లిన చర్చి ఆఫీసులో పాత రిజిస్టర్లు ఇవ్వం అని పంపించేశారు, ఏడుపొచ్చింది. తిరుమలగిరి అంకుల్ చెప్పినట్టు ఉత్తరం రాసుకుని, ప్రేయర్ బుక్ కూడా చేతిలో పట్టుకుని ఇంకో చర్చికి వెళ్తే అక్కడి ఫాదర్ తనే దగ్గర కూర్చుని మూడు గంటలు వెతికించారు. 1869లో పెళ్లి. జేమ్స్ తండ్రి పేరు కార్నీలియస్. రెజిమెంట్ నంబర్ కూడా ఉంది. పెద్ద కూతురు 1874లో, రెండో కూతురు 1876లో పుట్టారు, రెండో పాప పేరు హనోరా.

డిశ్చార్జ్ కాగితం కూడా దొరికింది. థర్లెస్ టౌన్ దగ్గర, అప్పర్‌చర్చ్ పారిష్. చేరినప్పుడు వయసు 18. ఆ పారిష్ రిజిస్టర్‌లో 1840 నుంచి 1846 దాకా ప్రతి పేజీ చదివాను. కార్నీలియస్ రయన్ కొడుకు జేమ్స్ అని ఇద్దరున్నారు. ఒకరి తల్లి మార్గరెట్, ఇంకొకరి తల్లి హనోరా. ఆ రెండో ఎంట్రీ చదివినప్పుడు రాత్రి ఒకటిన్నర అయ్యింది, వెళ్లి అమ్మని నిద్ర లేపాను.

శ్రీను గారూ, గ్రిఫిత్‌లో అప్పర్‌చర్చ్ చుట్టుపక్కల కార్నీలియస్ రయన్‌లు నలుగురు తగిలారు, ఇద్దరికి పక్కన బ్రాకెట్ ఉంది, ఒకరి పక్క టెనెమెంట్‌లో, అంటే పక్క కమతంలో, జ్ఞానతండ్రి పేరే కనిపిస్తోంది, 11 ఎకరాల 2 రూడ్లు. దీని తర్వాత ఆ భూమి ఎవరి చేతికి పోయిందో తెలుసుకోవచ్చా?

పహాణీ శ్రీను

అక్కా సూపర్! తెలుసుకోవచ్చు. గ్రిఫిత్ తర్వాత మార్పులన్నీ రాసుకున్న రివిజన్ పుస్తకాలు, డబ్లిన్‌లో అప్పటి వాల్యుయేషన్ ఆఫీసువి, ఉన్నాయి, పాత పేరు కొట్టేసి కొత్త పేరు వేరే రంగు ఇంకుతో రాసి పక్కన సంవత్సరం వేస్తారు, అచ్చం మన మ్యుటేషన్ లాగే. కార్నీలియస్ పేరు కొట్టేసిన సంవత్సరం చూస్తే ఆయన ఇంచుమించు ఎప్పుడు చనిపోయాడో తెలుస్తుంది, పైన రాసిన పేరు జేమ్స్ అన్నదో తమ్ముడిదో అయ్యుండొచ్చు. 1900 తర్వాత పేజీల్లో ఎల్.ఎ.పి. అని ముద్ర కనిపిస్తే కౌలుదారు ఆ భూమిని కొనుక్కున్నట్టు. ఆ పేరు పట్టుకుని 1901 లెక్కల్లో అదే టౌన్‌లాండ్ తెరవండి, ఇప్పుడు మీకు టిప్పరరీ మొత్తం అక్కర్లేదు, పదో పన్నెండో ఇళ్లు చూస్తే చాలు. ఆ 11 ఎకరాల పేజీ ఫొటో ఇక్కడ పెట్టండి, బ్రాకెట్‌లో ఏముందో కలిసి చదువుదాం.