అప్‌డేట్: అమ్మ కీళ్లవాతం, చద్దన్నం

అమ్మకి రుమటాయిడ్ ఆర్థరైటిస్ (ఒక రకం కీళ్లవాతం) ఉందని, చద్దన్నం, పెరుగు, ప్రోబయోటిక్ (మేలు చేసే బాక్టీరియా ఉండే) క్యాప్సూల్స్‌తో నొప్పులు తగ్గుతాయా అని అడిగాను కదా. కీళ్లవాతం చూసే డాక్టర్, అంటే రుమటాలజిస్ట్‌తో మాట్లాడాం. తినమన్నారు, కానీ ఈ జబ్బుని అదుపులో ఉంచడానికి వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ మందు, దానికి తోడుగా ఇచ్చిన ఫోలిక్ యాసిడ్ ఆపొద్దన్నారు. నొప్పి తగ్గినట్టున్నా కీళ్లు లోపల్లోపల పాడైపోతూ ఉండొచ్చట. లాక్టోబాసిల్లస్ కేసీ అనే మేలు చేసే బాక్టీరియా మీద చేసిన చిన్న అధ్యయనాల్లో కొంత మేలు కనిపించిందిగానీ, మందు మానేసేంత కాదు. క్యాప్సూల్స్ మేమే వద్దనుకున్నాం, ఖరీదు కూడా ఎక్కువే.

రాత్రి అన్నం మెత్తగా మెదిపి, గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగు తోడేస్తున్నాను. పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుని అమ్మ ఇష్టంగా తింటోంది. ఇడ్లీ కూడా పులిసిందేగా అని ఒకరన్నారు; పిండి పులిసినా ఆవిరికి ఆ మేలు చేసే బాక్టీరియా బతకదు. మజ్జిగ పులుసూ అంతే.

ఫలితమా? మలబద్ధకం బాగా తగ్గింది. పొద్దుటిపూట వేళ్ల బిగుతు మాత్రం అలాగే ఉంది. సీసా మూత తియ్యాలంటే ఇంకా నన్నే పిలుస్తుంది. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ రక్తపరీక్ష మళ్లీ చేయించాలి. చద్దన్నం మాత్రం మానం, నాక్కూడా అలవాటైపోయింది.