ప్రోగ్రామ్‌ని మూయాలా, ముగించాలా?

ప్రశ్న: తెలుగులో రాస్తున్న ఓ సూచనల పత్రంలో 'ప్రోగ్రామ్‌ను పూర్తిగా మూసివేయండి' అని ఉంది. మెమరీ ఖాళీ కావాలన్నది అక్కడి ఉద్దేశం. ఆ మాట సరిపోతుందాండీ?

జవాబు: సరిపోదండి. మూసేది విండోని, ముగించేది ప్రోగ్రామ్‌ని. మ్యాక్‌లో ఎర్ర బొత్తాం నొక్కితే చాలావాటికి విండో ఒక్కటే పోతుంది. డాక్‌లో, అంటే తెర అంచున ఐకాన్లు వరుసగా ఉండే పట్టీలో, ఐకాన్ కింద చుక్క ఉందంటే లోపల నడుస్తున్నట్టే. ముగించాలంటే కమాండ్, క్యూ కలిపి నొక్కాలి. విండోస్‌లో గుణకారం గుర్తు నొక్కితే చాలామటుకు ముగుస్తాయి గానీ చాటింగ్, ఫైల్ సింక్ లాంటివి గడియారం పక్కన నక్కి కూర్చుంటాయి. అక్కడి పైబాణం నొక్కి, ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి, 'ఎగ్జిట్' గానీ 'క్విట్' గానీ ఎంచుకోవాలి. క్రోమ్‌కైతే సెట్టింగ్స్‌లో, సిస్టమ్ కింద, మూశాక కూడా వెనకాల నడవనిచ్చే మీట ఒకటి ఉంది. దాన్ని ఆపేయండి.

మరొకరు: 'ఆపండి' అంటే తేలిగ్గా ఉంటుంది కదా?

జవాబు: పాటని ఆపితే మళ్లీ అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ అర్థం ఇక్కడ అడ్డొస్తుంది. 'ముగించు'కి ఇంకో సుఖం, జంటగా 'ముగియు' ఉంది: మనం ముగించాం, అది ముగిసింది. ప్రోగ్రామ్ చెప్పకుండా పోతే 'దానంతటదే మూసుకుపోయింది' అని జనం ఎలాగూ అంటున్నారు. కదలకపోతే 'బిగుసుకుపోయింది'. ఇంతకన్నా మంచి మాటలు నిఘంటువులో వెతకనక్కర్లేదు.

మరొకరు: బిగుసుకుపోయినదాన్ని 'చంపండి' అని రాయొచ్చా? లైనక్స్‌వాళ్లు అదే అంటారు.

జవాబు: మాటల్లో సరే, పత్రంలో 'బలవంతంగా ముగించండి' నయం. పైగా అన్ని చంపడాలూ ఒకటి కావు. లైనక్స్‌లో ఉత్త 'కిల్' ఆదేశం 15వ సిగ్నల్, అంటే ముగియమని అడిగే సంకేతం, పంపుతుంది, సర్దుకుని వెళ్లే వీలు ప్రోగ్రామ్‌కి ఉంటుంది. 9వ సిగ్నల్‌కి ఆ వీలు లేదు, సేవ్ చేయనిది పోతుంది. అందుకే ముందు మామూలుగా ముగించి, కాసేపు చూసి, వినకపోతేనే బలవంతం. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది, అందులో 'మెమరీ' శీర్షిక మీద నొక్కితే ఎక్కువ తినేవి పైకొస్తాయి. అక్కడ 'ఎండ్ టాస్క్'. తెలియని సిస్టమ్ పేర్ల జోలికి మాత్రం పోవద్దు.

మరొకరు: ఇదంతా ఎందుకు, కంప్యూటర్ కట్టేస్తే పోదా?

జవాబు: ప్రోగ్రాములు పోతాయి. అయితే విండోస్‌లో 'ఫాస్ట్ స్టార్టప్' ఉంటే 'షట్ డౌన్' కెర్నెల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) స్థితిని డిస్క్‌లో దాచి, తర్వాత దాన్నే తెరుస్తుంది. డ్రైవర్ (పరికరాన్ని నడిపించే ప్రోగ్రామ్) తిక్క అలాగే మిగిలిపోవచ్చు. దానికి 'రీస్టార్ట్' కావాలి.