స్కూల్ బ్యాండు నా నెత్తిన పడింది, ఆగస్టు 15కి ఏం వాయించగలం?

పీఈటీ_మదనపల్లె

అందరికీ నమస్తే. మదనపల్లె దగ్గర ఒక ప్రైవేటు హైస్కూల్లో పీఈటీని. మా బ్యాండు మాస్టారు వేసవి సెలవుల్లో మానేశారు. ఆయనకిచ్చే జీతానికి ఇంకొకరు దొరకట్లేదు, అందుకని కరస్పాండెంట్ గారు "గ్రౌండ్‌లో పిల్లల్ని చూసేది నువ్వే కదా, బ్యాండు కూడా చూసుకో" అని తేల్చేశారు. నాకు లెఫ్ట్ రైట్ చెప్పడం వచ్చు, విజిల్ ఊదడం వచ్చు. సంగీతం అంటారా, పెళ్లిళ్లలో విన్నదే.

స్టోర్ రూమ్ తెరిస్తే సైడ్ డ్రమ్ములు ఎనిమిది ఉన్నాయి (రెండింటికి అడుగున తీగలు లేవు), బేస్ డ్రమ్ ఒకటి, టెనార్ డ్రమ్ములు రెండు, ఒక జత సింబల్స్, బ్యూగిళ్లు నాలుగు, ట్రంపెట్లు మూడు, ప్లాస్టిక్ ఫ్లూట్లు ఓ డజను. ఒక ట్రంపెట్‌కి మీట నొక్కితే మళ్లీ పైకి రావట్లేదు. నిరుడు వాయించిన వాళ్లలో చాలామంది పదో తరగతి అయిపోయి వెళ్లిపోయారు, మిగిలిన నలుగురూ డ్రమ్ములవాళ్లే.

సార్‌కి కావాల్సిందేమో జాతీయ గీతం బ్యాండు మీద రావాలి, ముఖ్య అతిథి గేటు దగ్గర దిగినప్పట్నుంచి స్టేజీ దాకా వాయిస్తూ తీసుకురావాలి. మా దగ్గర అధికారి ఎవరొచ్చినా బ్యాండే, వార్షికోత్సవానికి బ్యాండే, పోయినేడాది కొత్త బస్సు కొంటే దానికీ బ్యాండే. ప్రాక్టీసుకి మాత్రం ఆఖరి పీరియడ్ ఒక్కటే ఇచ్చారు, అదీ లెక్కల సారు శబ్దం ఎక్కువవుతోందని గొడవ పెడితే మధ్యలో ఆపేయాలి.

ఈ టైములో జాతీయ గీతం సాధ్యమేనా? ఎవరికి ఏ వాయిద్యం ఇవ్వాలో ఎలా తేల్చుకోవాలి? ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి బేస్ డ్రమ్ కావాలని పట్టుబట్టింది, వాళ్ల నాన్నేమో ఫ్లూట్ ఇవ్వండి సార్ అంటున్నారు. నిజం చెప్పాలంటే టెన్షన్‌గానే ఉంది.

మాజీ_బ్యాండ్స్‌మన్

తమ్ముడూ, నేను సైన్యంలో క్లారినెట్ వాయించాను, పచ్‌మఢీలో మిలిటరీ మ్యూజిక్ వింగ్‌లో నేర్చుకున్నాను. రిటైరయ్యాక రెండు స్కూళ్లలో చెప్పాను కాబట్టి చెప్తున్నా.

ముందు బ్యూగిళ్ల మీద ఆశ వదులుకో. దానికి మీటలుండవు, పెదవి బిగువుతోనే స్వరం మారాలి. పిల్లలకి వచ్చేవి అయిదే, స, ప, పై స, ఆ పై గ, ప. వాటితో పిలుపులు ఊదగలరు గానీ ఏ పాటా పూర్తిగా రాదు, జాతీయ గీతమైతే అసలే రాదు. ఇది తెలియక పిల్లల మీద అరిచే మాస్టార్లను చూశాను.

గీతం సంగతికొస్తే, బ్యాండు మీద వాయించేటప్పుడు ముందు డ్రమ్ రోల్ (ఆగకుండా గబగబా కొట్టే డ్రమ్ దెబ్బలు) ఉండాలని హోం శాఖ ఉత్తర్వుల్లోనే ఉంది. స్లో మార్చ్‌లో ఏడు అడుగులు పట్టేంతసేపు, మెల్లగా మొదలుపెట్టి, పెంచి, మళ్లీ తగ్గించి, ఒక దెబ్బ ఖాళీ ఇచ్చి గీతం అందుకోవాలి. ఈసారికి మీ పిల్లలు ఆ రోల్ ఒక్కటి శుభ్రంగా చేస్తే చాలు, గీతం బడంతా నోటితో పాడుతుంది. 52 సెకన్ల గీతం తప్పుల్లేకుండా పాడించడమే ఒక పని, చూస్తావుగా. పైగా మీ ఊరికి ఆ పాటతో చుట్టరికం ఉంది. 1919లో టాగోర్ మదనపల్లె థియోసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడు దాన్ని ఇంగ్లీషులోకి మార్చారు, ప్రిన్సిపాల్ గారి భార్య మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు రాసిపెట్టారు. మీ సార్‌కి ఇది చెప్పు, పిల్లల చేత పాడిస్తామంటే కాదనలేరు.

మొదటి వారం డ్రమ్ము ముట్టనివ్వకు. నడక, చప్పట్లు, అంతే. ఎడమ కాలు పడ్డప్పుడు బేస్ డ్రమ్ పడాలి, ఇది ఒంట్లోకి ఎక్కాలి. సైన్యంలో నిమిషానికి 120 అడుగులు, పిల్లల కాళ్లకి 110 దగ్గర మొదలుపెట్టు. తర్వాత పుల్లలతో కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ, రోజూ ఇదే, విసుగు పుట్టేదాకా. బేస్ డ్రమ్ ఎవరికివ్వాలంటే బలమైన వాడికి కాదు, వేగం పెంచని వాళ్లకి. పక్కన ఎంత గోల జరిగినా పరిగెత్తని మనిషి కావాలి.

తెనాలి_ట్రంపెట్

నేను పెళ్లి బ్యాండులో ట్రంపెట్. సీజన్ లేనప్పుడు స్కూళ్లకి వెళ్లి చెప్తుంటా. పై సార్ చెప్పినవన్నీ కరెక్టే గానీ ఒకటి వదిలేశారు. మీ దగ్గరున్నవి మామూలు ట్రంపెట్లయితే బి ఫ్లాట్ శ్రుతివి అయ్యుంటాయి, ఫ్లూట్లు సి శ్రుతివి. ఇద్దరికీ ఒకటే నొటేషన్ ఇచ్చి వాయించమంటే చెవులు మూసుకోవాలి. ఫ్లూట్ పిల్ల తన 'స' ఊదినప్పుడు ట్రంపెట్ పిల్లాడు తన 'రి' ఊదాలి, అప్పుడే రెండూ కలుస్తాయి. చాలా స్కూల్ బ్యాండులు పాడైనట్టు వినపడేది ఇందుకే, పాపం పిల్లలకేమో మాకు రాదేమో అనిపిస్తుంది.

మీటలకి కొబ్బరి నూనె పొయ్యకండి, చలికాలం గడ్డ కట్టి బిగుసుకుంటాయి. వాల్వ్ ఆయిల్ అని చిన్న సీసా ఆన్‌లైన్లో దొరుకుతుంది. మెరవాలని చింతపండుతోనో పాలిష్‌తోనో తోమించొద్దు, పైన పూత పోతుంది. కొత్తగా ఊదేవాళ్లకి పావుగంట చాలు, పెదవి వాచాక ఎంతసేపు ఊదినా దండగే. పళ్లకి క్లిప్పులున్న పిల్లలకి ట్రంపెట్ ఇవ్వకండి, లోపల పెదవి కోసుకుపోతుంది.

అసలు విషయం ఇది. ఆషాఢంలో ముహూర్తాలుండవు, ఏ ఊరి బ్యాండువాళ్లైనా ఖాళీగానే ఉంటారు. మీ ఊళ్లో ఎవరో ఒకరు ఉంటారు, వెళ్లి అడగండి, ఆ నెలంతా సాయంత్రాలు వచ్చి చెప్తారు, ఆగస్టుకి సరిగ్గా సరిపోతుంది. కానీ డబ్బు ఏ రోజుది ఆ రోజు ఇప్పించండి సార్. ఒక స్కూల్లో "వచ్చే నెల బిల్లులో" అని నన్ను దసరా దాకా తిప్పారు. ఇంకోటి, స్టాఫ్ రూమ్‌లో కుర్చీ ఇవ్వండి. పెళ్లి బ్యాండువాడు కదా అని చెట్టు కింద కూర్చోబెడితే పిల్లలూ అదే చూస్తారు, ఇంక మా మాటేం వింటారు?

శ్రావణి_ఒకప్పటి_డ్రమ్మర్

ఆ అమ్మాయికి బేస్ డ్రమ్ ఇవ్వండి సార్, ప్లీజ్. నేను రెండేళ్లు మోశాను. బరువు సంగతి అయితే మెడకి ఒంటి పట్టీ వేలాడేసే రకం వద్దు, రెండు భుజాల మీదా పడే పట్టీ కుట్టించండి, చెప్పులు కుట్టే ఆయన దగ్గర కూడా అయిపోతుంది. వాళ్ల నాన్నగారిని ఒకసారి ప్రాక్టీసుకి పిలిచి చూపించండి, మా నాన్న అలాగే ఒప్పుకున్నారు.

కానీ మాజీ బ్యాండ్స్‌మన్ గారితో చిన్న పేచీ. మొదటి వారం డ్రమ్ము ముట్టనివ్వొద్దంటారు, ఆ క్రమశిక్షణ సరే, మా బ్యాండులో అది పిల్లలకి మాత్రమే ఉండేది, పెద్దలకి ఉండేది కాదు. అతిథి తొమ్మిదికొస్తారని ఏడున్నరకి యూనిఫాం వేయించి వరసలో నిలబెట్టేవాళ్లు, ఆయన పదకొండుకి దిగేవాడు. ఒకసారి సింబల్స్ పట్టుకున్న అమ్మాయి ఎండకి కళ్లు తిరిగి పడిపోయింది. అతిథి కారు ఊళ్లోకొచ్చిందని ఫోనొచ్చాకే పిల్లల్ని వరసలోకి పిలవండి, అప్పటిదాకా నీడలో కూర్చోబెట్టండి. కొత్త బస్సుకి బ్యాండు అంటే మటుకు మీరు కుదరదనే చెప్పాలి, ఎవరో ఒకరు చెప్పకపోతే ఆ పిల్లలు ఏడాదంతా క్లాసులు పోగొట్టుకుంటారు.

లెక్కల_అయ్యవారు

గొడవ పెట్టే లెక్కల సారు తరఫున నాలుగు మాటలు. పక్కన ఎనిమిది డ్రమ్ములు మోగుతుంటే త్రికోణమితి చెప్పి చూడండి తెలుస్తుంది. మా బళ్లో పాత లారీ ట్యూబు ముక్కలు బెంచీలకి కట్టించి, పుల్లలతో దాని మీదే సాధన చేయించారు, శబ్దం లేదు, చేతికి ఎగురుడూ అలాగే ఉంటుంది. వారానికి రెండుసార్లు మాత్రం గ్రౌండ్‌లో అసలు డ్రమ్ములు. ఆ రెండు రోజులూ ముందే చెప్తే నేను కూడా స్లిప్ టెస్టులు మార్చుకునేవాణ్ని. సింబల్స్ పక్కన నిలబడే పిల్లలకి చెవుల్లో ఫోమ్ ప్లగ్గులు కొనివ్వండి, దూది దేనికీ పనికిరాదు.

పీఈటీ_మదనపల్లె

అందరికీ చాలా థాంక్స్. సార్‌తో మాట్లాడాను. రోల్ మనది, గీతం బడంతా పాడుతుంది అంటే ముందు ముఖం ముడుచుకున్నారు గానీ మదనపల్లె సంగతి చెప్పగానే అది స్టేజీ మీద ప్రసంగంలో తనే చెప్తానన్నారు, చెప్పుకోనివ్వండి. అతిథికి డ్రమ్ముల మీద మార్చ్ ఒక్కటే. బేస్ డ్రమ్ ఆ అమ్మాయికే. ఆరు, ఏడు తరగతుల వాళ్లని ఎక్కువ తీసుకుంటున్నా, పదో తరగతి వాళ్లు వెళ్లిన ప్రతిసారీ మళ్లీ మొదటికి రాకుండా. మా ఊరి బ్యాండాయన ఆషాఢంలో వస్తానన్నారు, రోజు కూలీ మాత్రం ఇంకా సార్ దగ్గర తేలలేదు. ఆ బిగుసుకున్న మీట నేనే విప్పొచ్చా, రిపేరుకి పంపాలా?

తెనాలి_ట్రంపెట్

విప్పొచ్చు. పైన మూత మరతిప్పి మీట నిటారుగా పైకి లాగండి, రాకపోతే బలవంతం వద్దు, కటింగ్ ప్లేయర్ అస్సలు వద్దు. వస్తే గోరువెచ్చటి నీళ్లు, కాస్త సబ్బు, మెత్తటి గుడ్డ. మీటల మీద 1, 2, 3 అని చెక్కి ఉంటుంది, దేని గొట్టంలో దాన్నే పెట్టండి, తారుమారైతే గాలే పోదు. సొట్ట ఉండి బిగిస్తే మాత్రం రిపేరు చేసేవాడి దగ్గరికే. కూలీ తేలాకే ఆయన్ని రమ్మనండి సార్, ముందు రప్పించి తర్వాత బేరమాడొద్దు.