ముప్పై ఏళ్ల నాటి హత్య కేసు: ఇంట్లో పెద్దలు వద్దంటున్నా తిరగదోడాలా?

వేసవిగాలి (చర్చ మొదలుపెట్టినవారు)

మా పెదనాన్న, పెద్దమ్మ తొంభైల్లో వాళ్లింట్లోనే హత్యకు గురయ్యారు. వాళ్ల కూతురు, అంటే మా అక్క, అప్పటికి చిన్నపిల్ల. ఆ రాత్రి అమ్మమ్మ దగ్గర పడుకుంది కాబట్టి బతికిపోయింది. ఎవరు చంపారో ఈ రోజుకీ తెలీదు. అన్నదమ్ముల మధ్య పొలం తగాదా ఉందని పోలీసులు అప్పట్లో మా నాన్నను పదే పదే స్టేషన్‌కి పిలిపించారు. ఆయన్ని నిందితుడిగా చేర్చలేదు, అలాగని ఆయనకు సంబంధం లేదని కూడా ఎవరూ చెప్పలేదు. కొన్నాళ్లకు నేరస్థులు దొరకలేదని రాసి ఫైలు మూసేశారు.

ఇప్పుడు అక్క ఆ కేసు మళ్లీ తెరిపించాలంటోంది. నన్ను తోడు రమ్మంటోంది. నాన్నేమో "నేను పోయాక ఏమైనా చేసుకోండి" అంటున్నారు. అమ్మ అక్కతో మాట్లాడటమే మానేసింది. నాకు ఇద్దరూ కావాలి. ఇంట్లో ఒప్పుకోకపోయినా ముందుకెళ్లడం న్యాయమేనా? అసలు ఇన్నేళ్ల తర్వాత దారంటూ ఉందా?

చెట్టునీడ

వద్దనే చెప్తాను. మా చిన్నాన్న హత్య కేసును మా అన్నయ్య ఇలాగే బయటికి తీశాడు. ఒక టీవీ ఛానల్ వాళ్లు ఇంటికి వచ్చి, మంచం మీద కూర్చున్న మా నానమ్మ మూతి దగ్గర మైకు పెట్టి "మీకు ఎవరి మీద అనుమానం అమ్మా?" అని అడిగారు. ఆవిడ ఒక పేరు చెప్పింది. సాయంత్రానికల్లా ఆ పేరు అందరి నోళ్లలోనూ పడింది. ఆ మనిషికి ఏ సంబంధమూ లేదని తర్వాత తేలింది కానీ, వాళ్ల పిల్లలు మాకు ఎదురుపడితే ఇప్పటికీ పక్కకు తప్పుకుంటారు. చంపినవాడు మాత్రం దొరకలేదు.

మీ కేసులో చేసినవాడు ఇప్పటికే చచ్చిపోయి ఉండొచ్చు. చచ్చినవాడి మీద కేసు నడవదు. మీ నాన్నగారు ఆ అవమానం ఒకసారి పడ్డారు. ఈ వయసులో ఆయన్ని మళ్లీ అదే బెంచీ మీద కూర్చోబెడతారా?

పాతఫైలు

కోర్టు పనిలో ఉన్నాను కాబట్టి రెండో ప్రశ్నకు నేను జవాబు చెప్తాను.

మన దేశంలో హత్య కేసుకు కాలపరిమితి లేదు. పాత సీఆర్‌పీసీ (నేర కేసుల విచారణ పద్ధతి చట్టం) 468వ సెక్షన్ పెట్టిన గడువు మూడేళ్లలోపు శిక్ష పడే నేరాలకే. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లోనూ అంతే. జపాన్‌లో ఇలా ఉండేది కాదు, హత్యకూ గడువుండేది. 2000 డిసెంబరులో టోక్యోలోని సెతగాయలో ఒకే ఇంట్లో నలుగురిని చంపేశారు. హంతకుడి వేలిముద్రలు, రక్తం కూడా దొరికాయి, వాడు మాత్రం దొరకలేదు. అలాంటి కేసుల్లో మిగిలిపోయిన బంధువులు ఒక సంఘంగా చేరి పోరాడారు. 2010లో అక్కడ హత్యకు కాలపరిమితి ఎత్తేశారు. సెతగాయ కేసు ఇంకా తేలలేదు. కానీ గడువు దాటిందన్న ఒక్క కారణంతో దాన్ని మూసేసే వీలు ఇక లేదు.

దర్యాప్తు ముగించి కోర్టుకు తుది నివేదిక ఇచ్చేశాక కూడా కొత్త ఆధారం వస్తే పోలీసులు మళ్లీ దర్యాప్తు చేయొచ్చు. పాత చట్టంలో అది సెక్షన్ 173(8), కొత్త చట్టంలో 193(9). అలాగే కేసు మూసేస్తామని పోలీసులు నివేదిక ఇచ్చినప్పుడు ఫిర్యాదుదారుకి నోటీసు ఇవ్వాలని సుప్రీంకోర్టు 1985లో భగవంత్ సింగ్ కేసులో చెప్పింది. చనిపోయినవారి బంధువుకు నోటీసు రాకపోయినా, ఆ నివేదికను పరిశీలించేటప్పుడు వచ్చి తన మాట వినిపించుకునే హక్కు ఉందని అదే తీర్పులో ఉంది. మీ ఫిర్యాదుదారు ఎవరు? ఆయనకు నోటీసు వచ్చిందా? ముందు అది చూడండి.

రాతిగోడ

ఇవన్నీ ఏళ్లు పడతాయి. నేర కథనాలు చెప్పే యూట్యూబ్ ఛానల్‌కి ఇవ్వండి. లక్షల మంది చూస్తే పోలీసులే కదులుతారు.

చెట్టునీడ

నేను పైన చెప్పింది చదివే రాశారా ఇది? లక్షల మంది చూసేది వాళ్ల నాన్న ఫొటోనే. 'పొలం తగాదా, తమ్ముడి మీద అనుమానం' అని టైటిల్ పెడతారు. అక్కడితో ఆ ఇంటి పని అయిపోతుంది.

నీలికాగితం

ఇక్కడ అందరూ "ఎవరు చంపారు" అన్న ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోయారు. వెనక మిగిలిన పిల్లకు అదొక్కటే ప్రశ్న కాదు. నేనూ అలా మిగిలిన పిల్లనే, అందుకే రాస్తున్నాను.

మా అమ్మ హత్య జరిగినప్పుడు నాకు ఊహ తెలియదు. ఆ రాత్రి అమ్మ వీధి తలుపు గడియ వేయడం మర్చిపోయిందని, అందుకే దొంగలు లోపలికి వచ్చారని మా ఇంట్లో అనేవాళ్లు. నేను పెరిగినన్నాళ్లూ అదే విన్నాను. ఎప్పుడైనా నేను తలుపు తీసి మర్చిపోతే "అమ్మ పోలికే" అనేవాళ్లు. పెద్దయ్యాక ఆ కేసు కాగితాల నకళ్లు సంపాదించాను. శవపంచనామాలో ఒక వాక్యం ఉంది: వీధి తలుపుకు లోపలి గడియ వేసి ఉంది, పెరటి తలుపు కింది చెక్క పగిలి ఉంది. అంతే. మా అమ్మ గడియ వేసింది.

చంపినవాళ్లెవరో నాకు ఇప్పటికీ తెలీదు. అయినా ఆ కాగితం వచ్చిన రోజు నుంచి మా ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు. మా పెద్దత్త దాన్ని రెండుసార్లు చదివించుకుని వినింది. పోయినవాళ్ల మీద, బతికున్నవాళ్ల మీద పడిన నిందలు ఎన్నో ఎవరూ చదవని కాగితాల వల్లే నిలబడి ఉంటాయి. కాబట్టి అక్క అడుగుతున్నది ఏమిటో ముందు ఆవిడ నోటితోనే చెప్పించుకోండి. శిక్షా, లేక ఆ రాత్రి ఏం జరిగిందో తెలియడమా? ఆ రెంటికీ దారులు వేరు.

మైక్రోస్కోప్

ఫోరెన్సిక్ ల్యాబ్‌లో పనిచేశాను. నా వైపు నుంచి కొంచెం.

ఇన్నేళ్ల తర్వాత డీఎన్ఏ వస్తుందా అన్నది ఎన్నేళ్లయిందన్న దాని మీద కంటే వస్తువును ఎలా దాచారన్న దాని మీద ఆధారపడుతుంది. రక్తం అంటిన బట్టను ఆరబెట్టి కాగితం కవరులో పెట్టి ఉంటే ఆశ ఉంటుంది. తడిగా ఉండగానే ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంటే లోపల బూజు పట్టి చాలామటుకు పాడైపోతుంది. మీ ఇంట్లో ఆనాటి వస్తువులేవైనా ఉంటే ఉతకకండి, తుడవకండి, అందరూ పట్టుకుని చూడకండి. ఎవరి దగ్గర, ఎక్కడ ఉందో ఒక కాగితం మీద రాసి పెట్టండి.

రెండో మాట. జ్ఞాపకాన్ని మరీ నమ్మకండి. అమెరికాలో కిర్క్ బ్లడ్స్‌వర్త్ అనే ఆయన ఒక పాపను చంపాడని ఐదుగురు సాక్షులు గుర్తుపట్టి చెప్పారు. 1985లో ఆయనకు మరణశిక్ష పడింది. 1993లో డీఎన్ఏ పరీక్షతో నిర్దోషి అని తేలి బయటికొచ్చాడు. అసలు హంతకుడు ఎవరో 2003లో డీఎన్ఏనే బయటపెట్టింది. దాచిపెట్టిన పాత ఆధారాలు ఒకరిని విడిపించి ఇంకొకరిని పట్టించాయి. మీ నాన్నగారికి ఈ సంగతి చెప్పి చూడండి. ఆయన మీద ఉన్న అనుమానాన్ని తీసేయగలిగింది కూడా ఆ పాత పెట్టెలోనే ఉండొచ్చు.

చెట్టునీడ

ఎవరూ అడగడం లేదు కాబట్టి నేనే అడుగుతాను. వేసవిగాలి గారూ, క్షమించండి. అనుమానమే నిజమైతే?

2018లో అమెరికాలో, దశాబ్దాలుగా దొరకని వరుస హంతకుడు గోల్డెన్ స్టేట్ కిల్లర్‌ని పట్టుకున్నది అతని దూరపు బంధువుల డీఎన్ఏ ద్వారానే. వాళ్లు తమ వంశవృక్షం కోసం ఇచ్చుకున్న శాంపిల్ అది. ఇక్కడ అలాంటి వాటికి హద్దులు పెట్టే ప్రత్యేక చట్టమంటూ లేదు. డీఎన్ఏ బిల్లును 2023లో వెనక్కి తీసుకున్నారు. అక్క శాంపిల్ ఇస్తే అది ఆవిడ ఒక్కదానిదే కాదు, రక్తసంబంధం ఉన్న మీ అందరిదీ.

వేసవిగాలి

ఆ ప్రశ్న నాకు రాకుండా ఉంటుందా అండీ? నాన్న ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే వస్తుంది. అందుకే అడుగుతున్నాను. ఆయన చేయలేదనే నమ్ముతున్నాను. కానీ నా నమ్మకం అక్కకు ఏం ఉపయోగం? తల్లినీ తండ్రినీ పోగొట్టుకుంది తను. పండగకి మా ఇంటికొచ్చినా నాన్న ఉన్న గదిలో తను కూర్చోదు. ఈ అనుమానంతోనే వాళ్లిద్దరూ ముప్పై ఏళ్లు గడిపేశారు. కేసు తెరవకపోతే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందనేవాళ్లు మా ఇల్లు చూడలేదు.

నీలికాగితం గారు చెప్పినట్టు అక్కని అడిగాను. "ముందు కాగితాలు చూడాలి, ఎవర్నీ జైల్లో పెట్టించాలని కాదు" అంది. నాన్న సంతకం లేకుండా అది కుదురుతుందా?

చెట్టునీడ

నా అభిప్రాయం మారలేదు. కానీ చేసేట్టయితే ముందు మీ నాన్నగారికి మీరే చెప్పండి. ఇంకెవరి నోటి నుంచో వినకూడదు ఆయన.

పాతఫైలు

ఈ ఒక్క మాటలో చెట్టునీడ గారితో ఏకీభవిస్తున్నాను. ఆయనకు చెప్పాలి, కానీ ఆయన అనుమతి అక్కర్లేదు. ఆవిడ చనిపోయినవారి కూతురు. ఈ ఇంట్లో ఆవిడ కంటే ఎక్కువ హక్కు ఎవరికీ లేదు, నాన్నగారికి కూడా.

సమాచార హక్కు చట్టం కింద ఆవిడ పేరు మీదే దరఖాస్తు పెట్టండి. ఎఫ్‌ఐఆర్, శవపంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు, స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా, తుది నివేదిక, ఇవన్నీ విడివిడిగా పేర్కొని అడగండి. "కేసు వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఒక్క పేజీ ఇచ్చి పంపేస్తారు. దర్యాప్తుకు ఆటంకం అని ఆ చట్టంలోని సెక్షన్ 8(1)(హెచ్) చూపించి తిరస్కరించొచ్చు. దానికి 8(3) మీ జవాబు: ఇరవై ఏళ్లు దాటిన సంఘటన సమాచారం ఇవ్వాల్సిందే, 8(1) మినహాయింపుల్లో (ఏ), (సీ), (ఐ), అంటే దేశ భద్రత, చట్టసభల హక్కులు, మంత్రివర్గ పత్రాల లాంటివి మాత్రమే అప్పుడు వర్తిస్తాయి. ఈ మాట దరఖాస్తులోనే రాసేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి.

ఫైలు ధ్వంసం చేశామని చెప్తే, ఏ ఉత్తర్వు ప్రకారం ఎప్పుడు చేశారో ఆ నకలు అడగండి. తుది నివేదిక మేజిస్ట్రేటు కోర్టుకు కూడా వెళ్లి ఉంటుంది కాబట్టి అక్కడ సర్టిఫైడ్ కాపీకి వేరే దరఖాస్తు పెట్టండి. స్టేషన్‌లో పోయినవి కోర్టు రికార్డు గదిలో దొరకడం నేను చూశాను. స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా వచ్చాక ఇక్కడ చెప్పండి. అందులో ఏమున్నాయో చూసి, మళ్లీ దర్యాప్తు కోసం ఎస్పీకి అర్జీ పెట్టేంత బలం ఉందో లేదో అప్పుడు మాట్లాడుకుందాం.